ఓడిపోతేనే దలాలీ

ఉస్మాన్‌గంజ్‌కు ఎప్పుడైనా సరుకు కొనడానికి వెళ్ళిన చదువరులకు ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. దుకాణం ముందు కందిపప్పు మూటలు పేర్చి ఉంటాయి. కొనడానికి వచ్చిన వ్యాపారి సేట్ మాటలు వింటాడు గాని నమ్మడు. అప్పుడు గుమస్తా కొసదేలిన ఒక ఇనుప గొట్టాన్ని మూట పక్కనుంచి లోపలికి గుచ్చి లాగుతాడు. గుప్పెడు గింజలు అరచేతిలోకి జారతాయి. వ్యాపారి వాటిని వేళ్ళతో నలిపి, వాసన చూసి, ఒకటి రెండు పంటికింద కొరికి చూస్తాడు. పై మూటతో సరిపెట్టుకోడు, అడుగు మూట కూడా గుచ్చమంటాడు. ధర మాట ఆ తరువాతే.

రోజుకు ఎన్నోసార్లు ఆ గొట్టం పట్టుకునే ఒక యువకుని గురించి ఈ నెల వ్రాస్తున్నాం. అతని తల్లి మాకు చాలా కాలంగా తెలుసు. ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయిన తరువాత ఆమె బల్ల మీదనే కూర్చుని ఉండిపోయింది. "అయ్యగారూ, మా పిలగాని బ్యాంకు ఖాతా పోలీసోళ్ళు ఆపిండ్రట. దొంగతనం చేసిండా ఏంది?" అని అడిగింది. ఆమె దాచుకున్న చిట్టీ డబ్బు కూడా ఇంట్లో లేదని ఆ మాటల్లోనే తెలిసింది.

అతడు దొంగతనం చేయలేదు. రెండు సంవత్సరాలుగా క్రికెట్ పందేలు కాస్తున్నాడు. ఏ మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారో ముందుగా చెబుతామని డబ్బు తీసుకునేవారు ఉన్నారు. వారి మాట పట్టుకుని కాశాడు. తన పేరు వ్రాయవద్దనీ, మిగిలినదంతా వ్రాయమనీ అతడే కోరాడు.

2024 ఐపీఎల్ మొదలైన రోజుల్లో ఒక స్నేహితుడు అతణ్ణి టెలిగ్రామ్‌లో ఒక ఉచిత గ్రూపులో చేర్చాడు. రెండు రోజుల తరువాత ఆ గ్రూపు నడిపేవాని దగ్గర నుంచి అతనికి విడిగా సందేశాలు రావడం మొదలైంది. మ్యాచ్‌కు గంట ముందు, గెలిచే జట్టు పేరు. మొదటిది నిజమైంది. రెండవదీ నిజమైంది. "ఏడు మ్యాచులు వరుసగ కరెక్టు చెప్పిండన్నా. ఎనిమిదోది తప్పయితదని ఎట్ల అనుకుంట?" అని మమ్మల్నే అడిగాడు.

మేము కాగితం తీసుకుని అతనితోనే లెక్క వేయించాం. సందేశాలు పంపేవాని దగ్గర 1,024 ఫోను నంబర్లు ఉన్నాయనుకుందాం. మొదటి మ్యాచ్‌కు 512 మందికి ఒక జట్టు గెలుస్తుందని, మిగిలిన 512 మందికి రెండవ జట్టు గెలుస్తుందని పంపుతాడు. ఎవరు గెలిచినా సగం మందికి అతని మాట నిజమౌతుంది. ఓడిన సగాన్ని వదిలేసి, మిగిలినవారిని మళ్ళీ రెండు చేస్తాడు: 256, 128, 64, 32, 16, 8. ఏడు మ్యాచ్‌లు అయ్యేసరికి ఎనిమిది మంది మిగులుతారు. ఆ ఎనిమిది మందికీ ఆ మనిషి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. మిగిలిన 1,016 మంది ఉన్న సంగతే వారికి తెలియదు. వరుసగా ఏడు నిజం చేయడానికి క్రికెట్ తెలియనవసరం లేదు, రెండు జట్ల పేర్లు తెలిస్తే చాలు.

ఇది కొత్త ఎత్తేమీ కాదు. ఇంగ్లండులో డెరెన్ బ్రౌన్ అనే ఇంద్రజాలికుడు 2008లో 'ది సిస్టమ్' అనే టెలివిజన్ కార్యక్రమంలో దీనిని బయటపెట్టి చూపించాడు. 7,776 మందితో మొదలుపెట్టి, ఒక్కో రేసులో ఆరు గుర్రాలకు ఆరు గుంపులు చేశాడు. అయిదు రేసులు గడిచేసరికి అయిదూ గెలిచిన స్త్రీ ఒక్కతె మిగిలింది. ఆమె ఈ మనిషి దగ్గర నిజంగా ఏదో రహస్యం ఉందని నమ్మి, తరువాతి రేసులో పెద్ద మొత్తం పెట్టడానికి సిద్ధపడింది. లెక్క చెప్పిన తరువాత ఆమె ముఖం ఎలా మారిందో, మన యువకుని ముఖం కూడా అలాగే మారింది.

ఎనిమిదవ మ్యాచ్‌కు డబ్బు అడిగారు. వీఐపీ గ్రూపుకు నెలకు అయిదు వందలు. తరువాత 'జాక్‌పాట్ మ్యాచ్'కు రెండు వేలు. అది ఓడిపోతే 'లాస్ కవర్ మ్యాచ్' అని మూడు వేలు. గ్రూపులో తప్పిన జోస్యాలు తెల్లవారేసరికి కనబడేవి కావు, నిజమైనవి మాత్రం పైన అంటించి ఉండేవి. లక్షలు గెలిచినట్టు బొమ్మలు పెట్టేవారు. అలాంటి బొమ్మను ఫోనులో తయారు చేయడానికి అయిదు నిమిషాలు పట్టదని అతనికి అప్పుడు తోచలేదు. ఎవరైనా "నిన్న చెప్పింది తప్పు కదా" అని అడిగితే ఆ మనిషిని గ్రూపులోనుంచి తీసివేసేవారు. అందుచేత లోపల మిగిలినవారందరూ పొగిడేవారే.

అన్నిటికంటె గట్టిగా పట్టే వల ఇంకొకటి ఉంది. "ఈ మ్యాచ్ ఫిక్స్ అయింది, లోపలి సమాచారం" అంటారు. 2000లో దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే సంగతి ఢిల్లీ పోలీసులు బయటపెట్టినప్పుడు, 2013లో ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ కేసులో ఆటగాళ్ళను అరెస్టు చేసినప్పుడు దేశమంతా విన్నది. జరిగిన నిజం కనుక దాని మీద అబద్ధాన్ని నిలబెట్టడం తేలిక. కాని నిజంగా మ్యాచ్ కొన్నవాడు ఆ సంగతిని రెండు వేల రూపాయలకు పప్పు దుకాణంలో గుమస్తాకు అమ్ముకుంటాడా? అందరికీ తెలిసిపోతే అతని పందెమే చెడిపోతుంది కదా!

పోనీ, చెప్పేవాడు నిజాయితీపరుడే అనుకుందాం. రెండు జట్లూ సమానంగా ఉన్న మ్యాచ్‌లో వంద కాస్తే, గెలిచినప్పుడు బుకీ తిరిగి ఇచ్చేది రెండు వందలు కాదు, సుమారు నూట తొంభై. ఆ పది రూపాయలు అతని దుకాణం ఖర్చు, లాభం. పది మ్యాచ్‌లకు వందేసి కాసి ఆరు గెలిచారనుకోండి. పెట్టింది వెయ్యి, వచ్చింది పదకొండు వందల నలభై. లాభం నూట నలభై. వీఐపీ రుసుము అయిదు వందలు తీసివేయండి. పదిలో ఆరు నిజం చెప్పిన గురువుగారి శిష్యుడు కూడా మూడు వందల అరవై నష్టపోయాడు. పెద్ద మొత్తాలు కాస్తే రుసుము చిన్నదిగా కనబడుతుందని గ్రూపులో ఉపదేశం చేస్తారు. అలా పెంచుకుంటూ పోయే మన యువకుడు పద్దెనిమిది వేల జీతం మీద లక్షా ఎనభై వేలు పోగొట్టుకున్నాడు.

ఇంతవరకు విన్నప్పుడు మాకు అతని మీద జాలి మాత్రమే కలిగింది. తరువాతి సంగతి చెప్పడానికి అతనికి రెండు సాయంకాలాలు పట్టింది.

2025 ఐపీఎల్ సమయానికి గ్రూపు నడిపేవారు అతణ్ణే 'సబ్ ఏజెంట్' చేస్తామన్నారు. ఒక లింకు పంపారు. ఆ లింకు ద్వారా ఎవరు యాప్‌లో చేరినా, వారు ఓడిన ప్రతి వందలో ముప్పై రూపాయలు ఇతనికి. గెలిస్తే ఏమీ రాదు. అతడు గంజ్‌లో పెరిగినవాడు, దలాలీ అంటే ఏమిటో చిన్నప్పటినుంచి చూశాడు. "సరుకు అమ్ముడు పోతే దలాలీ వస్తదన్నా. గిది ఉల్టా. మనిషి మునిగితెనే దలాలీ. అంటే ఇన్ని దినాలు నాకు టిప్పులు ఇచ్చినోనికి నేను ఓడిపోతెనే పైసలు వచ్చినయి. గప్పుడు సమజైంది." జోస్యం చెప్పే ఈ వ్యాపారంలో అసలు రాబడి రుసుములు కాదు, ఈ దలాలీయే. ఉచితంగా జోస్యం చెప్పే దయగలవారు అంతమంది ఎందుకున్నారో దీనినిబట్టి తెలుస్తుంది. తప్పు జోస్యం వారికి నష్టం కాదు, జీతం.

అర్థమైన తరువాత కూడా అతడు ఆగలేదు. పోయిన డబ్బు రాబట్టుకోవాలి కదా అనుకున్నాడు. అదే దుకాణంలో మూటలు మోసే ముగ్గురు హమాలీలను ఆ లింకుతో చేర్చాడు. ముగ్గురూ అతణ్ణి 'అన్నా' అని పిలిచేవారే, అతడు చదువుకున్నవాడని నమ్మినవారే. వారిలో ఒకడు పాలమూరు వైపు నుంచి వచ్చి, వారం వారం ఇంటికి డబ్బు పంపేవాడు. మూటకు ఇంత అని లెక్క కట్టి వచ్చే కూలి అది. అందులో నుంచి ముప్పై శాతం ఇతని ఫోనులోకి వచ్చింది. దొంగత్రాసును గూర్చి సామెతల గ్రంథంలో ఏమున్నదో ఆదివారపు బడిలో కంఠస్థం చేసిన పిల్లవాడే ఇతడు.

ఆ మే నెలలో ఇంకొక మాట వచ్చింది. "నీ బ్యాంకు ఖాతా మాకు వాడుకోనియ్యి, నెలకు మూడు వేలిస్తాం." ఏటీఎం కార్డు, ఖాతాకు కట్టిన సిమ్ కార్డు ఇచ్చేశాడు. వీఐపీ రుసుములు, యాప్‌లో వేసే సొమ్ము ఇలాంటి పరాయివారి ఖాతాలలోనుంచే నడుస్తాయి. ఫిర్యాదు వచ్చినప్పుడు పోలీసులకు మొదట దొరికేది ఖాతా యజమాని గాని గ్రూపు నడిపేవాడు కాదు. జూన్‌లో వేరే రాష్ట్రపు సైబర్ పోలీసులు ఖాతాను నిలిపివేయించారు. అతని జీతం కూడా అందులోనే చిక్కుకుంది. తల్లికి సంగతి తెలిసింది అప్పుడే.

పాత రోజుల్లో ఇది లేదా అని పెద్దలు అడుగుతారు. ఉంది. గంజ్ నుంచి మూసీ దాటితే మలక్‌పేట, అక్కడ రేసుకోర్సు. రేసు రోజున గెలిచే గుర్రాల పేర్లు అచ్చువేసిన చిన్న పుస్తకాలు అమ్మేవారిని ఈ నగరంలో పెరిగినవారు ఎరుగుదురు. కాని పుస్తకంలో అచ్చయిన పేరును మరునాడు చెరిపివేయలేరు. నాలుగణాలు పెట్టి కొన్న పుస్తకం తప్పని సాయంత్రానికే చేతిలో రుజువు ఉండేది. ఇప్పుడు ఆ రుజువు అమ్మినవాని చేతిలోనే ఉంది. అదీగాక రేసుకు మలక్‌పేటదాకా నడిచి వెళ్ళాలి. ఈ యాప్ మంచం మీదికే వచ్చింది. (సందర్భం వచ్చింది గనుక చెప్పుకుందాం: గుడి మరమ్మతుల కోసమని లక్కీ డ్రా టికెట్లు అమ్మిన సంఘాలు మనలోనూ ఉన్నాయి. పిల్లలు మన చేతులు చూసే నేర్చుకుంటారు.)

చట్టం ఏమంటుందని చాలామంది అడుగుతున్నారు. గుర్రపు పందెం నైపుణ్యపు ఆట అని 1996లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో తీర్పునిచ్చింది. దానిని చూపించి క్రికెట్ పందెం కూడా చెల్లుతుందని గ్రూపులలో చెబుతారు. అది నిజం కాదు. తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, ఫోనులో, కంప్యూటరులో డబ్బు పెట్టి ఆడే ఆటలను కూడా నిషేధించింది. 2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేశారని యూట్యూబర్లపైన, సినీనటులపైన కేసులు పెట్టారు. ఆ ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. వాటిని నడిపేవారికి మూడేళ్ళవరకు జైలు, కోటి రూపాయలవరకు జరిమానా. ప్రచారం చేసేవారికి రెండేళ్ళు, యాభై లక్షలు. ఆడి నష్టపోయినవానికి ఆ చట్టంలో శిక్ష లేదు. ఈ ఒక్క మాట తెలిసి ఉంటే మన యువకుడు ఇంకొంచెం ముందే నోరు విప్పేవాడేమో. పోలీసులకు చెబితే నిన్నే లోపల వేస్తారని గ్రూపువారు బెదిరించి ఉంచారు.

మీ ఇంట్లో ఇలాంటిది బయటపడితే మొదటి రోజున తిట్టడం మానండి. సిగ్గుతో దాచినంత కాలం అప్పు పెరుగుతుంది. మోసపోయి డబ్బు పంపిన వెంటనే 1930 నంబరుకు చెప్పాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది. కార్డు గాని సిమ్ గాని ఇతరులకు ఇచ్చి ఉంటే ఆ రోజే బ్యాంకుకు వెళ్ళి వ్రాతపూర్వకంగా తెలపాలి. సందేశాలు చెరిపివేయకండి, అవే సాక్ష్యం. పిల్లవాడు నిద్రపోక, తినక, చావు మాటలు మాట్లాడుతుంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. దానిలో తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. ప్రార్థన చేద్దాం, ఫోను కూడా చేద్దాం.

ఖాతా సంగతి ఇంకా తేలలేదు. వకీలు ఒకరు సహాయం చేస్తున్నారు. సేట్ అతణ్ణి పనిలోనుంచి తీయలేదు, జీతం చేతికిస్తున్నాడు. తనకు దలాలీగా వచ్చిన సొమ్మును ముగ్గురు హమాలీలకు వారానికి కొంత చొప్పున తిరిగి ఇస్తున్నాడు. ఒకడు తీసుకున్నాడు. పాలమూరువాడు మాత్రం పని మానేసి ఊరికి వెళ్ళిపోయాడు, ఫోను ఎత్తడం లేదు. అతని వంతు ఒక కవరులో వేసి తల్లి దగ్గర ఉంచాడు.

మేము కిందటి వారం గంజ్‌కు వెళ్ళినప్పుడు అతడు మూటలోనుంచి గొట్టం లాగుతున్నాడు. మూడవ హమాలీ వీపు మీది బరువు దించి, చెమట తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. ఆ వారం వంతు చేతిలో పెట్టాడు ఇతడు. అతడు లెక్కపెట్టి జేబులో వేసుకుని, గొంతు తగ్గించి అడిగాడు: "అన్నా, రేపటి మ్యాచ్ ఎవలది?"