1,252 పిలుపులు

తొమ్మిది జట్ల జెర్సీలు, 24 సీజన్లు. బేస్‌బాల్‌లో అందరికన్నా ఎక్కువసార్లు మైదానంలోకి పిలిపించుకున్న పిచర్ జెస్సీ ఒరోస్కో కథ.

అక్టోబరులో వరల్డ్ సిరీస్ వస్తుంది కాబట్టి ఈసారి ముఖచిత్ర కథనం బేస్‌బాల్ మీద ఉండాలన్నారు ఎడిటర్. హోమ్‌రన్ల వీరుల మీద రాస్తే బొమ్మలు బాగుంటాయని ఆయన ఆలోచన. గురువారానికి పేజీలు సిద్ధం కావాలి. ఆ వీరుల కోసం రికార్డులు తిరగేస్తుంటే ఒక ఎడమచేతి పిచర్ లెక్కల పట్టిక నన్ను పట్టేసింది. అందులో పక్కపక్కనే రెండు నిలువు వరుసలున్నాయి: ఆడిన ఆటలు, విసిరిన ఇన్నింగ్స్. ఆ రెంటినీ పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తే ఒక మనిషి పాతికేళ్ల కొలువు మొత్తం తెలిసిపోతుంది. అందుకే ఈ వారం పేజీలన్నీ అతనికే.

పేరు జెస్సీ ఒరోస్కో. పుట్టింది 1957లో, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో. మేజర్ లీగ్‌లో మొదటి ఆట 1979 ఏప్రిల్ 5న, చికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో. అప్పటికి 22 ఏళ్లు నిండలేదు. చివరి ఆట 2003 సెప్టెంబరులో, 46 ఏళ్ల వయసులో. ఈ మధ్యలో 1,252 ఆటలు. మేజర్ లీగ్ చరిత్రలో మరే పిచరూ అన్ని ఆటల్లో బంతి పట్టలేదు. రెండో స్థానంలో ఉన్న మైక్ స్టాంటన్ 1,178 దగ్గర ఆగాడు.

రెండు వరుసలు చెప్పే కథ

పట్టిక చదవాలంటే ఒక్క సంగతి తెలిస్తే చాలు. బేస్‌బాల్‌లో మూడు ఔట్లు తీస్తే ఒక ఇన్నింగ్ అయినట్టు. ఒక ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. ఆట మొదలుపెట్టే పిచర్‌ను స్టార్టర్ అంటారు. అతను అలిసిపోయినా, దెబ్బతిన్నా వచ్చి ఆదుకునేవాడు రిలీఫ్ పిచర్. ఒరోస్కో రెండో కోవకు చెందినవాడు. కెరీర్ మొత్తంలో అతను స్టార్టర్‌గా దిగింది నాలుగుసార్లే.

ఇప్పుడు వరుసలు చూడండి. 1983లో న్యూయార్క్ మెట్స్ తరఫున 62 ఆటలు, 110 ఇన్నింగ్స్. అంటే పిలిచిన ప్రతిసారీ సగటున ఐదు ఔట్ల పని. ఆ ఏడాది అతని ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగుల లెక్క, 1.47. ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఓటింగులో మూడో స్థానం. అది అతని పూర్ణయౌవనం.

1999కి రండి. బాల్టిమోర్ ఓరియోల్స్ జెర్సీలో 65 ఆటలు, 32 ఇన్నింగ్స్. పదహారేళ్లలో ఆటల సంఖ్య తగ్గకపోగా మూడు పెరిగింది. ఇన్నింగ్స్ మాత్రం మూడో వంతు కూడా లేవు. ఒక్కో పిలుపుకు సగటున ఒకటిన్నర ఔట్లు. 2001లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు 35 ఆటలు, 16 ఇన్నింగ్స్. ఆ మరుసటి ఏడు 56 ఆటలు, 27 ఇన్నింగ్స్. చాలా రోజులు అతను వచ్చి, ఒక్క బ్యాటర్‌ను ఎదుర్కొని, నాలుగైదు బంతులు వేసి వెళ్లిపోయాడు.

ఆ ఒక్క బ్యాటర్ ఎవరన్నదే ఇందులో కీలకం. ఎడమచేతి పిచర్ విసిరే స్లైడర్ ఎడమచేతి బ్యాటర్‌కు దూరంగా తిరిగిపోతుంది. పైగా బంతి అతని వీపు వైపునుంచి వచ్చినట్టుంటుంది. కంటికి ఆనేది ఆలస్యంగానే. అందుకే మేనేజర్లు ఏడో ఇన్నింగ్‌లోనో ఎనిమిదో ఇన్నింగ్‌లోనో ప్రత్యర్థి జట్టులోని గట్టి ఎడమచేతి బ్యాటర్ వచ్చేదాకా ఒరోస్కోను దాచిపెట్టేవారు. ఆ ఒక్కడినీ ఔట్ చేస్తే అతని పని అయిపోయినట్టే. క్రికెట్‌లో ఒక ఓవర్ వేయించి పక్కన పెట్టిన బౌలర్‌కు కెప్టెన్ మళ్లీ బంతి ఇవ్వొచ్చు. బేస్‌బాల్‌లో ఒకసారి తప్పించిన ఆటగాడు ఆ ఆటలోకి తిరిగి రాలేడు. కాబట్టి ఒరోస్కోను ఎప్పుడు వాడాలన్నది మేనేజర్‌కు ఒకేసారి చేతికొచ్చే అవకాశం. తొందరపడి వాడేస్తే ఆ తర్వాత వచ్చే ముప్పుకు మందు ఉండదు.

ఈ పట్టికకు ఎక్కని శ్రమ కూడా ఉంది. ఫోన్ మోగితే రిలీఫ్ పిచర్ లేచి, భుజం వేడెక్కేదాకా బుల్‌పెన్‌లో బంతులు విసరాలి. ఈలోగా ఆట తీరు మారితే మళ్లీ కూర్చోమంటారు. అలా లేచి, చెమటపట్టి, పిలుపు రాక కూర్చున్న రాత్రులకు ఏ వరుసలోనూ చోటు లేదు. కానీ చెయ్యి వాటినీ మోసింది. 43వ ఏట, 2000 సీజన్‌లో, సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు ఆరు ఆటలాడేసరికి గాయం ఆపేసింది. పట్టికలో ఆ అంకె కింద గీత గీసి ముగించినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. ఒరోస్కో తిరిగొచ్చి మరో మూడు సీజన్లలో 156 ఆటలాడాడు.

చరిత్ర క్లుప్తంగా

ఒకప్పుడు ఆట మొదలుపెట్టిన పిచరే ముగించేవాడు. రిలీఫ్ పని స్టార్టర్‌గా నిలవలేనివాళ్లకు దక్కేది. 1969లో ‘సేవ్’ అధికారిక లెక్కల్లో చేరింది. 1985లో హోయ్ట్ విల్హెల్మ్ బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ సౌధమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లిన మొదటి రిలీఫ్ పిచర్ అయ్యాడు. 1980ల చివర ఓక్లండ్‌లో మేనేజర్ టోనీ లారుసా బుల్‌పెన్‌లో పని పంచాడు: ఏడో ఇన్నింగ్ ఒకరిది, ఎనిమిదోది ఒకరిది, తొమ్మిదోది డెన్నిస్ ఎకర్స్లీది. మిగతా జట్లూ అదే దారి పట్టాయి. ఎడమచేతి నిపుణులకు గిరాకీ పుట్టింది అప్పుడే. 1999 ఆగస్టులో ఎకర్స్లీ పేరిట ఉన్న 1,071 ఆటల రికార్డును దాటింది కూడా అలాంటి నిపుణుడే, ఒరోస్కో.

(బాక్స్)
బుల్‌పెన్ మాటలు

బుల్‌పెన్: రిలీఫ్ పిచర్లు కూర్చుని సిద్ధమయ్యే చోటు.
మౌండ్: పిచర్ నిలబడి బంతి విసిరే మట్టిదిబ్బ.
సేవ్: జట్టు స్వల్ప ఆధిక్యంలో ఉండగా వచ్చి, ఆధిక్యం చేజారకుండా ఆట ముగించిన పిచర్ ఖాతాలో పడే లెక్క. ఒరోస్కోకు 144 ఉన్నాయి.
క్లోజర్: చివరి ఇన్నింగ్ బాధ్యత చూసే రిలీఫ్ పిచర్. ఒరోస్కో 1984లో ఈ పని చేసి 31 సేవ్‌లు సాధించాడు.

రెండు ఆఖరి ఔట్లు

ఒరోస్కోను 1978 జనవరిలో ఎంపిక చేసుకున్నది మిన్నెసోటా ట్విన్స్. ఏడాది తిరక్కుండానే మెట్స్‌తో బేరం కుదిరింది. జెర్రీ కూస్మన్ అనే పేరున్న పిచర్‌ను మెట్స్ ఇచ్చేసింది. బదులుగా వచ్చినవాళ్లలో ఒరోస్కో ఒకడు. న్యూయార్క్ అభిమానులకు కూస్మన్ అంటే ప్రాణం. 1969లో మెట్స్ తొలిసారి వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఆఖరి ఔట్ అతని బంతికే వచ్చింది. అప్పుడు ఔటైన బ్యాటర్ బాల్టిమోర్ ఆటగాడు డేవీ జాన్సన్.

పదిహేడేళ్ల తర్వాత, 1986లో, అదే డేవీ జాన్సన్ మెట్స్ మేనేజర్. ఆ ఏడు ఒరోస్కో చేతికి తీరిక లేదు. జులై 22న సిన్సినాటీలో గొడవ జరిగి ఆటగాళ్లు బహిష్కరణకు గురికావడంతో జాన్సన్‌కు మనుషులు కరువయ్యారు. ఒరోస్కోను, రోజర్ మెక్‌డోవెల్‌ను మార్చి మార్చి ఒకరిని మౌండ్ మీద, మరొకరిని ఔట్‌ఫీల్డ్‌లో నిలబెట్టాడు. 14 ఇన్నింగ్స్ సాగిన ఆ ఆట మెట్స్‌దే అయింది. అక్టోబరులో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌తో లీగ్ ఫైనల్లో ఒరోస్కో మూడు విజయాలు అందుకున్నాడు. ఒకే పోస్ట్ సీజన్ సిరీస్‌లో మూడు ఆటలు గెలిచిన మొదటి రిలీఫ్ పిచర్ అతనే. మూడోది 16 ఇన్నింగ్స్ నడిచింది. ఒక్క పరుగు ఆధిక్యం మిగిలి, రెండు బేస్‌ల మీద ప్రత్యర్థులు నిలబడి ఉండగా, స్లైడర్‌తో కెవిన్ బాస్‌ను ఔట్ చేసి ముగించాడు.

అక్టోబరు 27, షియా స్టేడియం. బోస్టన్ రెడ్ సాక్స్‌తో వరల్డ్ సిరీస్ ఏడో ఆట. ఎనిమిదో ఇన్నింగ్‌లో మెట్స్ ఆధిక్యం 6-5కు జారిపోయింది. రెండో బేస్ మీద మనిషి, ఒక్క ఔటూ లేదు. జాన్సన్ ఒరోస్కోను పిలిచాడు. వరుసగా ముగ్గురు ఔట్. తర్వాత తానే బ్యాట్ పట్టి, బంతిని మెల్లగా తాకించి వదిలే ‘బంట్’ చేస్తున్నట్టు నటించి, బంతిని లోపలి ఫీల్డర్ల మధ్యనుంచి కొట్టి ఒక పరుగు కూడా తెచ్చాడు. తొమ్మిదో ఇన్నింగ్‌లో ఇంకో ముగ్గురు. ఆఖరివాడు మార్టీ బారెట్ స్ట్రైకౌట్ కాగానే ఒరోస్కో గ్లవ్ ఆకాశంలోకి విసిరి మోకాళ్ల మీద కూలబడ్డాడు. మెట్స్ గెలిచిన వరల్డ్ సిరీస్‌లు రెండే. మొదటిది ముగించినవాడు కూస్మన్, రెండోది ముగించినవాడు కూస్మన్‌ను వదులుకుని తెచ్చుకున్న కుర్రాడు.

ఒరోస్కో పేరు తెలిసిన చాలామందికి ఆ ఫోటోయే అతను. నాకు మాత్రం ఆ ఫోటో తర్వాతి కాలమే ముఖ్యం. ఇంకా 17 సీజన్లున్నాయి. మరుసటి ఏడాది డిసెంబరులో మూడు జట్ల మధ్య జరిగిన మార్పిడిలో మెట్స్ అతన్ని డాడ్జర్స్‌కు పంపేసింది. ఆ తర్వాత క్లీవ్‌లండ్, మిల్వాకీ, బాల్టిమోర్. 1999 డిసెంబరులో మెట్స్ మళ్లీ తెచ్చుకుంది. ఒక్క ఆటా ఆడకముందే మార్చిలో జో మెక్‌యూయింగ్ కోసం సెయింట్ లూయిస్‌కు ఇచ్చేసింది. మళ్లీ డాడ్జర్స్. చివరి ఏడు, 2003లో, శాన్ డియెగోకు 42 ఆటలు, న్యూయార్క్ యాంకీస్‌కు 15, మిన్నెసోటాకు 8. పాతికేళ్ల కింద అతన్ని ఎంపిక చేసి, మేజర్ లీగ్‌లో ఒక్క ఆటా ఆడించకుండా పంపేసిన మిన్నెసోటాలోనే కెరీర్ ముగిసింది.

(బాక్స్)
టోపీలో నలుపు

1988 వసంత శిక్షణ శిబిరంలో డాడ్జర్స్ కొత్త ఆటగాడు కిర్క్ గిబ్సన్ టోపీ లోపలి పట్టీకి ఒరోస్కో నల్లరంగు పూశాడు. ఎండ కళ్లలో పడకుండా ఆటగాళ్లు చెంపలకు రాసుకునే రంగు అది. నుదురంతా నలుపైన గిబ్సన్ కోపంతో మైదానం వదిలి వెళ్లిపోయాడు. తాను గెలవడానికే వచ్చానని జట్టుకు కచ్చితంగా చెప్పాడు. ఆ ఏడు డాడ్జర్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది.

(బాక్స్)
మనవాళ్లిద్దరు

2008లో భారత్‌లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పేరుతో టీవీ పోటీ పెట్టి వేగంగా బంతి విసిరే కుర్రాళ్లను వెతికారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన జావెలిన్ క్రీడాకారులు రింకు సింగ్, దినేశ్ పటేల్ ఎంపికై, ఆ నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారు. రింకు ఒరోస్కోలాగే ఎడమచేతివాటం. ఇద్దరూ కింది లీగుల్లో ఆడారు. మేజర్ లీగ్ దాకా చేరలేదు. వాళ్ల కథతో 2014లో వచ్చిన హాలీవుడ్ సినిమాకు ఏఆర్ రెహమాన్ సంగీతమిచ్చారు.

ఒక్క ఓటు

2009లో ఒరోస్కో పేరు హాల్ ఆఫ్ ఫేమ్ బ్యాలెట్ మీదికి వచ్చింది. పడినది ఒక్క ఓటు. పదేళ్ల తర్వాత యాంకీస్ క్లోజర్ మరియానో రివేరా అందరి ఓట్లతో ఎన్నికయ్యాడు. రివేరా గొప్పదనం గురించి వాదన అక్కర్లేదు. కానీ రివేరా ఆడిన ఆటలు 1,115. ఒరోస్కో అంతకన్నా 137 ఎక్కువ ఆడాడు.

ఇన్నింగ్స్‌నే కొలతగా పెట్టుకున్నవాళ్లకు ఒరోస్కో చిన్నగా కనిపిస్తాడు. మొత్తం 1,295 ఇన్నింగ్స్ గొప్ప స్టార్టర్లకు ఐదారేళ్ల పని. అయితే స్టార్టర్ వంతు ప్రకారం వస్తాడు, తన రోజు ఏదో ముందే తెలుసు. రిలీఫ్ పిచర్‌కు వంతు లేదు. అతను రావాలంటే జట్టు ఇరుకున పడాలి, మేనేజర్ బుల్‌పెన్‌లో ఉన్న ఆరేడుగురిలో అతన్నే కోరుకోవాలి. ఓడితే తన ఉద్యోగానికే ముప్పని తెలిసిన మేనేజర్లు, తొమ్మిది వేర్వేరు జట్ల మేనేజర్లు, వెయ్యికి పైగా సాయంత్రాలు అతన్నే కోరుకున్నారు. వయసు మీరేకొద్దీ వాళ్లు అప్పగించిన పని చిన్నదైంది. పిలవడం మాత్రం మానలేదు. ఆ పట్టికలో నేను చదివింది ఇదే.

ఇలాంటి పట్టిక ఇక తయారుకావడం కూడా కష్టం. 2020 నుంచి మేజర్ లీగ్‌లో కొత్త నియమం వచ్చింది: మౌండ్ ఎక్కిన పిచర్ గాయపడితే తప్ప కనీసం ముగ్గురు బ్యాటర్లను ఎదుర్కోవాలి, లేదా ఆ సగం ఇన్నింగ్ ముగించాలి. పిచర్ల మార్పులతో ఆట సాగతీత అవుతోందన్నది కారణం. ప్రేక్షకుడి వైపునుంచి చూస్తే అది న్యాయమే. కానీ దాంతో ఒరోస్కో చివరి పదేళ్లు చేసిన కొలువే దాదాపు రద్దయింది. ఒక్క ఎడమచేతి బ్యాటర్ కోసం 45 ఏళ్ల మనిషిని జట్టులో ఉంచుకునే రోజులు పోయాయి.

హాల్ ఆఫ్ ఫేమ్‌లో పాత ఆటగాళ్లను తిరిగి పరిశీలించే కమిటీలున్నాయి. రిలీఫ్ పని ఆటలో సగం అయిపోయిన ఈ కాలంలో, ఆ పనిలో అందరికన్నా ఎక్కువ రోజులు నిలిచినవాడి పేరు వాళ్ల బల్ల మీదికి రావడం న్యాయం. వచ్చినప్పుడు అక్కడి పెద్దలు 1986 ఫోటోను పక్కన పెట్టి, ఆటలు, ఇన్నింగ్స్ వరుసలు రెంటినీ కలిపి చదవాలని నా కోరిక. 62కు 110, 65కు 32, 35కు 16. ఎంతసేపు ఆడాడన్న ప్రశ్నకు రెండో వరుస జవాబిస్తుంది. ఎంతమందికి, ఎన్నిసార్లు అతను అవసరమయ్యాడన్నదానికి మొదటి వరుసే సాక్ష్యం. రిలీఫ్ పిచర్‌ను కొలవాల్సింది దానితోనే.