టెస్ట్ పాసైంది... ఉలి విరిగింది!

పోయిన సంక్రాంతికి ఊరెళ్తూ నాన్న కోసం ఓ ఉలి తీసుకెళ్లాను. కొన్నది కాదు, నేనే చేసింది. మా నాన్న వడ్రంగి. ఆ పని నేర్చుకోకుండా ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటున్నా. కానీ చేతులు ఊరుకోవు కదా! అద్దె ఇంటి టెర్రస్ మీద ఓ బల్ల, వైస్, చిన్న గ్రైండర్ పెట్టుకుని ఆదివారాలు ఇనుముతో కుస్తీ పడుతుంటా. నాన్న పాత ఆకురాయి ఒకటి అరిగిపోతే దాన్నే గ్రైండర్ మీద ఉలిగా మార్చేశా. ఆకురాయి అంటే ఫైల్. కంప్యూటర్‌లోది కాదు, ఇనుముని అరగదీసేది.

నాన్న మురిసిపోయాడు. వెంటనే వేప ద్వారబంధానికి బెజ్జం కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగో దెబ్బకి ‘టప్’మంది. మొన విరిగి, ముక్క ఎగిరి ఆయన కనుబొమ్మకి తగిలింది. వచ్చింది రెండు చుక్కల రక్తమే. కానీ అదే అంగుళం కిందకి తగిలుంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

విచిత్రం ఏంటంటే, ఆ ఉలిని నేను టెస్ట్ చేశాకే ఇచ్చాను.

జారితే గట్టి... మరి బలం?

నేను చేసింది ఆకురాయి పరీక్ష. చాలా సింపుల్. కొత్త ఆకురాయిని ఉక్కు మీద ఆనించి మెల్లగా ముందుకి తోయాలి. కరకరమని పట్టి పొడి రాలిస్తే ఆ ఉక్కు ఆకురాయి కంటే మెత్తన. పట్టు దొరక్క జారిపోతే దానితో సమానం, లేదా ఇంకా గట్టి. నా ఉలి మీద సర్రున జారింది. ‘సూపర్’ అనుకున్నా. తప్పు అక్కడే జరిగింది.

ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ సి అనే స్కేలు మీద కొలుస్తారు. అమెరికాలో బేరింగుల తయారీలో పనిచేసిన హ్యూ రాక్‌వెల్, స్టాన్లీ రాక్‌వెల్ ఈ మిషన్ కోసం 1914లో పేటెంట్‌కి దరఖాస్తు చేశారు, 1919లో వచ్చింది. వజ్రపు మొనని ముందు 10 కిలోల బరువుతో ఆనించి, తర్వాత 150 కిలోలతో నొక్కుతారు. లోతు ఎంత తక్కువ దిగితే నంబర్ అంత ఎక్కువ. మంచి ఆకురాయి 62-65 దగ్గర ఉంటుంది. వడ్రంగి ఉలికి 60కి అటూ ఇటూ ఉంటే చాలు.

మీ ఫోన్ స్క్రీన్‌నే చూడండి. తాళంచెవితో గీసినా మామూలుగా గీత పడదు. అంత గట్టి. చెయ్యి జారి కిందపడితే మాత్రం? గీత పడకపోవడం వేరు, దెబ్బకి తట్టుకోవడం వేరు. సుత్తి దెబ్బ తినాల్సిన ఉలిని నేను ఆకురాయంత గట్టిగానే వదిలేశా. టెస్ట్ అబద్ధం చెప్పలేదు. నేనే దాన్ని తప్పుగా చదివా. ఆఫీసులో అయితే ‘కోడ్ పాసైంది, కస్టమర్ అడిగింది అది కాదు’ అంటాం.

రెండో ప్రయత్నం

విరిగిన మొనని అరగదీసి అదే ఉలితో మళ్లీ మొదలుపెట్టా. ఈసారి టెంపరింగ్ చేశా. అంటే ఉక్కుని కొద్దిగా వేడి చేసి, గట్టిదనంలో కాస్త వదులుకుని బలం తెచ్చుకోవడం. ఒక వైపు మెరిసేలా రుద్ది, ఓటీజీలో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచా. లేత ఎండుగడ్డి రంగు వచ్చింది.

కొలవడానికి ఆరు ఆకురాళ్ల సెట్ కొన్నా. 40 నుంచి 65 దాకా, ఐదేసి తేడాతో ఉంటాయి. 60 నంబర్‌ది ఇంకా జారుతోంది. 230కి పెంచి మరో రెండు గంటలు ఉంచా. ఇప్పుడు 60ది కష్టం మీద పట్టింది, 55ది జారింది. అంటే ఉలి ఈ రెండిటి మధ్య, 60కి దగ్గర్లో ఉందన్నమాట.

సంబరపడి గ్రైండర్ మీద పదును పెడుతుంటే మొన నీలంగా మారిపోయింది. నీలం అంటే వేడి దాదాపు 300 డిగ్రీలకి చేరినట్టు. చూస్తే అక్కడ 55ది కూడా పట్టేస్తోంది. మెత్తబడిపోయింది! ఆ నీలం మొత్తం తీసేసి, క్షణానికోసారి నీళ్లలో ముంచుతూ మళ్లీ పదును పెట్టా.

మీరూ ట్రై చేస్తారా?

- సేఫ్టీ గ్లాసులు లేకుండా మొదలుపెట్టొద్దు.
- కొలిమిలో కాల్చిన ఉక్కు పైపొర కార్బన్ పోయి మెత్తగా ఉండొచ్చు. కొంచెం అరగదీసి, లోపలి ఉక్కు మీద చూడండి.
- పదును మీద తోయొద్దు, పాడవుతుంది. మొనకి దగ్గర్లో పక్క అంచు మీద చూడండి.
- ఓటీజీ డయల్‌ని నమ్మొద్దు. లోపల విడిగా ఓ థర్మామీటర్ పెట్టుకోండి.
- ఈ పద్ధతి కచ్చితమైన నంబర్ ఇవ్వదు. ‘ఇక్కడి నుంచి ఇక్కడి లోపు’ అని మాత్రమే చెబుతుంది. ఇంటి పనికి అది చాలు.

ఉగాదికి ఉలి పట్టుకెళ్లా. నాన్న సంచిలోంచి తన ఆకురాయి తీసి, అంచు మీద ఒక్కసారి తోసి, చెవి పెట్టి విన్నాడు. “పట్టీ పట్టనట్టుంది. ఇప్పుడు కుదిరిందిరా” అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఈ టెస్ట్ ఆయనకి ముందే తెలుసు!

“మరి పోయినసారి ఎందుకు చూడలేదు నాన్నా?”

“నువ్వు చేశావు కదరా.”

ఉలితో పాటు సేఫ్టీ గ్లాసులు కూడా ఇచ్చొచ్చా. పెట్టుకుంటున్నాడు... కనీసం నేను వీడియో కాల్ చేసినప్పుడైనా!