ఎత్తు తగ్గితేనే సినిమా

"మా డ్రోన్ 4కే తీస్తుంది. అయినా సినిమాలా రావడం లేదు. ఏ లట్ (రంగులు మార్చే ప్రీసెట్) వాడాలి?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లు తీసింది చూస్తే జబ్బు రంగులో లేదని వెంటనే తెలిసిపోతుంది. అన్నీ ఆకాశంలోంచి తీసినవే. గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల దాకా ఎగరేసుకోవచ్చని 2021 డ్రోన్ నిబంధనలు చెప్పాయి కదా అని అందరూ తిన్నగా అక్కడికే ఎక్కి కూర్చుంటారు. అది పైహద్దు మాత్రమే, ఎక్కి తీరాలని ఎవరూ అనలేదు.

ఎత్తుకెళ్తే ఏం పోతుందో రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు తెలుసు. పట్టాల పక్క కరెంటు స్తంభాలు చూపుకు అందకుండా వెనక్కి పరుగెడతాయి. పొలం గట్ల మీది తాటిచెట్లు నింపాదిగా జరుగుతాయి. దూరపు కొండ మనతోపాటే వస్తున్నట్టుంటుంది. ఈ మూడు వేగాల తేడాను బట్టి కూడా మెదడు దూరాన్ని లెక్కగడుతుంది. చదునైన తెర మీద లోతు పుట్టించేదీ ఆ తేడాయే. స్తంభాల్నీ తాటిచెట్లనీ తీసేసి కొండనొక్కదాన్నే ఉంచితే బండి నడుస్తోందో ఆగిందో కూడా తెలీదు. 120 మీటర్ల మీద మనం చేస్తున్నది అదే. కిటికీ సీటుకు డబ్బు కట్టి, అప్పర్ బెర్త్ ఎక్కి ఫ్యాను చూస్తూ పడుకోవడం.

లెక్క కూడా చూడండి. డ్రోన్ సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. సరిగ్గా 120 మీటర్ల దిగువనున్న చెట్టు కెమెరా కంటికి సెకనుకు 2.4 డిగ్రీల చొప్పున జరుగుతుంది. 5 మీటర్ల పక్కనున్న బండరాయి, దాన్ని దాటే క్షణంలో, సుమారు 57 డిగ్రీల చొప్పున దూసుకుపోతుంది. డ్రోన్ వేగం మారలేదు, కదలిక మాత్రం 24 రెట్లు!

గండికోటనే తీసుకోండి. పెన్నా లోయను నడినెత్తి మీంచి తీస్తే భూగోళ పాఠంలో పటంలా వస్తుంది. అంచున ఎర్ర బండల మీదుగా రెండు మూడు మీటర్ల ఎత్తున మెల్లగా పోనిచ్చి అంచు దాటించండి. కాళ్ల కింద నేల ఒక్కసారిగా జారిపోతుంది. (కోటలో పురావస్తు శాఖ రక్షిత కట్టడాలున్నాయి, అనుమతి లేకుండా ఎగరేయకండి.) ఇదే కిటుకు పాత సినిమాలోనూ ఉంది. స్టాన్లీ క్యూబ్రిక్ తీసిన 'ద షైనింగ్' 1980లో వచ్చింది, సినిమాలకు డ్రోన్లు లేని రోజులవి. మొదటి షాట్‌లో హెలికాప్టర్ కెమెరా సరస్సు మీదుగా ఓ బుల్లి దీవి పక్కనుంచి వెళ్తుంది. దీవి పక్కకు జరిగిపోతుంది, వెనక కొండలు దాదాపు కదలవు. ఆ ఒక్క షాట్ మీద రెండు పేజీలు రాయగలను, సంపాదకులు ఒప్పుకోరు.

ఇక షట్టర్ సంగతి. సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంటే షట్టర్ 1/50 సెకను దగ్గర ఉండాలి. అప్పుడే కదిలే వస్తువు కాస్త చెదిరి, కదలిక సాఫీగా కనిపిస్తుంది. ఎండలో కెమెరా తనంతట తాను 1/1600కు పోయిందంటే వెలుతురు 32 రెట్లు ఎక్కువన్నమాట. వెలుతురును అంత మేర తగ్గించే ఎన్‌డీ32 ఫిల్టర్ తగిలిస్తే సరిపోతుంది. కానీ పైన చెప్పిన 120 మీటర్ల షాట్‌లో 1/50 పెట్టినా ఆ చెదురు రెండు మూడు పిక్సెళ్లే, ఎవరికీ కనబడదు. 5 మీటర్ల దూరంలో అది 24 రెట్లు పెరుగుతుంది. ఫిల్టర్ కొనేముందు కిందికి దిగండి.

చక్రాల్లేని డ్రోన్‌కు కూడా నిమ్మకాయ కట్టి, రాహుకాలం తప్పించి, సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఎగరేసేవాళ్లున్నారు. ఫుటేజీకి దుర్ముహూర్తం ఉదయం పదకొండు నుంచి మూడింటి దాకా, వారంతో పనిలేకుండా రోజూ. నీడలు పొడుగ్గా పడితేనే నేల ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

ఎడిటింగ్‌లో చేయాల్సింది తక్కువ. పైనా కిందా నల్లపట్టీలు వేస్తే సినిమా అయిపోదు. ఇప్పటికే నత్తనడక నడుస్తున్న ఆకాశం షాట్‌ను స్లో మోషన్ చేయకండి. డ్రోన్ కదలడం మొదలెట్టిన ముక్కా, ఆగడానికి తడబడే ముక్కా కోసేసి, కదలికలో ఉండగానే తర్వాతి షాట్‌కు వెళ్లండి. ఎడమ నుంచి కుడికి పోయే షాట్ పక్కనే కుడి నుంచి ఎడమకు వచ్చేదాన్ని అతికిస్తే రెండూ ఢీకొన్నట్టుంటాయి. మామూలుగా డ్రోన్ కెమెరా శబ్దం పట్టదు. పట్టినా రెక్కల రొదే. కాబట్టి నేల మీద నిలబడి ఏటి చప్పుడూ గాలీ మేకల మెడగంటలూ ఫోన్‌లో రికార్డు చేసుకుని ముందు వాటిని పెట్టండి. పాట ఆ తర్వాత, అవసరమనిపిస్తే.