రెండు చదరపు మీటర్ల ఎండ

అమెరికా రోడ్ల మీద తిరిగే క్యాంపర్ వ్యాన్ అంటే పడక, పొయ్యి, ఫ్రిజ్ అమర్చుకున్న సరుకుల బండి. ఫోర్డ్ ట్రాన్సిట్, రామ్ ప్రోమాస్టర్, మెర్సిడెస్ స్ప్రింటర్ లాంటి డెలివరీ వ్యాన్లనే ఎక్కువగా ఇలా ఇళ్లుగా మార్చుకుంటారు. వాటి నెత్తిన నల్లటి సోలార్ ప్యానెళ్లు కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. డాబా మీద ఐదు కిలోవాట్లు పెట్టించుకున్నవాళ్లకు బండి మీది నాలుగు వందల వాట్లు ఏ మూలకూ రావనిపిస్తుంది, అదేదో ముచ్చట కోసం తగిలించుకున్నట్టు కనిపిస్తుంది. కానీ వరస తలకిందులైంది. ఈ వంశంలో పెద్దన్న వ్యాన్ మీది ప్యానెలే. డాబా మీదిది ఆలస్యంగా పుట్టిన తమ్ముడు. సిలికాన్ సౌరఘటాన్ని కనిపెట్టిందే కరెంటు తీగ చేరని చోట ఒక చిన్న పరికరాన్ని నడపడానికి. వ్యాన్ చేస్తున్నది అచ్చంగా ఆ పనే. కాబట్టి దాన్ని ఇంటి కొలతతో కొలిస్తే దాని విలువా తెలియదు, దాని హద్దులూ తెలియవు.

1950ల తొలినాళ్లలో బెల్ టెలిఫోన్ కంపెనీకి ఒక చిక్కు ఉండేది. ఉక్కపోత ప్రాంతాల్లో, ఊళ్లకు దూరంగా ఉన్న టెలిఫోన్ పరికరాలకు వాడే పొడి బ్యాటరీలు తొందరగా పాడైపోయేవి. దీనికి మార్గం వెతికే పని బెల్ ల్యాబ్స్‌లో డారిల్ చాపిన్ మీద పడింది. ఆయన మొదట పట్టుకున్న సెలీనియం ఘటాలు తమ మీద పడ్డ ఎండలో నూటికి ఒక వంతును కూడా కరెంటుగా మార్చలేకపోయాయి. అదే సంస్థలోని జెరాల్డ్ పియర్సన్, కాల్విన్ ఫుల్లర్‌లు సిలికాన్‌లో మాలిన్యాలను కొలత ప్రకారం చొప్పించే విద్యలో ఆరితేరుతున్నారు. ముగ్గురూ కలిసి చేసిన సిలికాన్ ఘటాన్ని 1954 ఏప్రిల్ 25న న్యూజెర్సీలో లోకానికి చూపించారు. సామర్థ్యం సుమారు ఆరు శాతం. మరుసటి ఏడాది జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ దగ్గర ఒక పల్లె టెలిఫోన్ లైనుకు దాన్ని కట్టి చూశారు. పనిచేసింది, కానీ ఆ ధరకు ఎవరూ కొనేటట్టు లేదు. ధర లెక్కచేయని గిరాకీ ఆకాశంలో దొరికింది. 1958 మార్చిలో ఎగిరిన వాన్‌గార్డ్ 1 ఉపగ్రహంలో రెండు ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయి. బ్యాటరీతో నడిచేది ఆ జూన్‌కే మూగబోయింది. ఆరు చిన్న సౌరఘటాలతో నడిచేది 1964 దాకా పలుకుతూనే ఉంది. పలచటి కరెంటే అయినా ఆగకుండా వస్తే ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నేలకు దిగినప్పుడూ ఈ ఘటం ముందుగా వెళ్లింది ఇళ్లకు కాదు. 1973లో ఎక్సాన్ పెట్టుబడితో ఎలియట్ బెర్మన్ స్థాపించిన సోలార్ పవర్ కార్పొరేషన్, చిప్‌ల పరిశ్రమ పక్కన పడేసిన సిలికాన్ బిళ్లలతో ప్యానెళ్లు చేసి, వాటుకు వంద డాలర్లున్న ధరను ఇరవైకి దించింది. కొన్నవాళ్లలో ముఖ్యులు మెక్సికో గల్ఫ్‌లోని చమురు వేదికల వాళ్లు. వాటి మీది హెచ్చరిక దీపాలకూ హారన్లకూ అవి కావాలి. చమురు కంపెనీ డబ్బుతో, చమురు బావుల కోసం సోలార్ చవకైందన్నమాట! 1978 నాటికి ఉత్తర కాలిఫోర్నియాలోని విల్లిట్స్‌లో రియల్ గూడ్స్ అనే దుకాణం వెలిసింది. కరెంటు స్తంభాలు చేరని కొండల్లో కాపురం పెట్టినవాళ్లు కారు బ్యాటరీ, కారు రేడియో, పన్నెండు వోల్టుల బల్బులతో గడుపుతూ, ఆ బ్యాటరీ నింపడానికి ప్యానెళ్లు కొనేవారు. వాళ్ల ఇల్లు చక్రాలు లేని క్యాంపర్ వ్యాన్. డాబాల వంతు ఆ తర్వాతే: మిగిలిన కరెంటును గ్రిడ్‌కు పంపి బిల్లులో తగ్గించుకునే నెట్ మీటరింగ్ చట్టం కాలిఫోర్నియాకు వచ్చింది 1995లో.

ఆ పుట్టుమచ్చ ప్యానెల్ ఒంటి మీద ఇప్పటికీ ఉంది. బండ్ల మీద వాడే పాతరకం ప్యానెల్‌లో ముప్పై ఆరు ఘటాలుంటాయి. ఒక్కో సిలికాన్ ఘటం పని చేసేటప్పుడు ఇచ్చేది సుమారు అర వోల్టు. వరసగా కలిపితే పద్దెనిమిది. పన్నెండు వోల్టుల బ్యాటరీకి పద్దెనిమిది ఎందుకంటే, అది పూర్తిగా నిండాలంటే పద్నాలుగు దాటిన ఒత్తిడి కావాలి. ఎండకు ప్యానెల్ వేడెక్కితే వోల్టేజి పడిపోతుంది, తీగలో మరికొంత పోతుంది. అన్నీ పోగా బ్యాటరీని నింపేంత మిగలాలని లెక్కగట్టి పెట్టిన సంఖ్య అది. రాయలసీమ ఊళ్లలో స్తంభానికి వేలాడే సోలార్ వీధిదీపం వెనకా ఇదే లెక్క ఉంది.

అయితే యాభై ఏళ్ల కిందటే దారి దొరికితే, వ్యాన్ల నెత్తి మీద ప్యానెళ్లు ఇంత విరివిగా కనబడటానికి ఇన్నాళ్లెందుకు పట్టింది? ప్యానెల్ చవకైందన్నది సగం జవాబే. పైకప్పు పెరగలేదు. ఫ్యాన్ ఉండే గాలిబిలం, సామాను చట్రం పోగా ప్యానెళ్లకు మిగిలేది రెండు చదరపు మీటర్ల చిల్లర. ఇప్పటి ప్యానెళ్ల సామర్థ్యం ఇరవై శాతం చుట్టూ ఉంది కాబట్టి, అది నాలుగు వందల వాట్లు. అరిజోనాలో జూన్ నెలలో రోజుకు రెండు యూనిట్లకు పైగా, డిసెంబరులో ఒక యూనిట్ వరకూ రావచ్చు. మారింది కింద ఉన్న అవసరం. పదిహేను, ఇరవై వాట్లు తాగే బల్బు స్థానంలో రెండు మూడు వాట్ల ఎల్‌ఈడీ వచ్చింది. పూర్వం గ్యాసుతో నడిచే ఫ్రిజ్‌ను కరెంటు మీద పెడితే బ్యాటరీ పూటలో ఖాళీ. పన్నెండు వోల్టులతో నేరుగా నడిచే కంప్రెసర్ ఫ్రిజ్‌కు రోజంతా అర యూనిట్ చుట్టూ చాలు. ఇక బ్యాటరీ. సీసం బ్యాటరీని సగానికి మించి వాడితే ఆయుష్షు తరిగిపోతుంది. సగం నిండిన స్థితిలో వదిలేసినా పలకలు పాడవుతాయి. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ బృందం 1990లలో వెలికితీసిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఈ రెండు బాధలనూ తీర్చింది. దాదాపు మొత్తం వాడుకోవచ్చు, సగంలో వదిలినా అలగదు, బరువు సగం కంటే తక్కువ. దానికున్న పేచీ ఒకటే: సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు ఛార్జి చేయకూడదు. నా ఉద్దేశంలో, వ్యాన్ సోలార్ కథలో నాయకపాత్ర ప్యానెల్‌ది కాదు. ఎల్‌ఈడీ, కంప్రెసర్, బ్యాటరీ మూడూ కలిసి అవసరాన్ని పైకప్పు సైజుకు కుదించాయి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఇంజిన్‌కు ఎలాగూ ఆల్టర్నేటర్ ఉంది. దాని నుంచి ముప్పై ఆంపియర్లు లాగే చిన్న ఛార్జర్ పెట్టుకుంటే నాలుగు వందల వాట్లు వస్తాయి. రెండున్నర గంటలు నడిపితే డిసెంబరు రోజంతటి ఎండకు సమానం. ఖర్చూ తక్కువే. మరి ప్యానెల్ ఎందుకు? రోజూ ఊరు మారేవాళ్లకు నిజంగా అవసరం లేదు, కొనమని చెప్పడమే తప్పు. ప్యానెల్ అమ్మేది కరెంటు కాదు, కదలకుండా ఉండే వెసులుబాటు. పడమటి రాష్ట్రాల్లో ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చేతిలోని భూముల్లో ఒకేచోట సాధారణంగా పద్నాలుగు రోజుల దాకా ఉచితంగా మకాం వేయవచ్చు. అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ పక్కనున్న లా పోసాలో పర్మిట్ తీసుకుంటే సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండొచ్చు. అక్కడ ప్లగ్ పాయింట్లుండవు. జనరేటర్ పెట్టుకోవచ్చుగా అంటారా, జాతీయ పార్కుల్లో యాభై అడుగుల దూరంలో అరవై డెసిబెల్స్ దాటే యంత్రానికి అనుమతి లేదు, చాలా క్యాంప్‌గ్రౌండ్లలో నడిపే వేళలకూ హద్దుంది. కాలిఫోర్నియా 2021లో చేసిన చట్టం కింద వచ్చిన నియమాల ప్రకారం 2028 మోడల్ నుంచి కొత్త చిన్న జనరేటర్లు పొగే వదలకూడదు.

రెండో అభ్యంతరం మడత ప్యానెళ్లవాళ్లది. బండిని నీడలో ఆపి, ప్యానెల్‌ను మాత్రం ఎండలో, సూర్యుడికి ఎదురుగా వాల్చి పెట్టొచ్చు కదా అని. భౌతికశాస్త్రం వాళ్ల పక్షానే ఉంది. పైకప్పు మీది ప్యానెల్‌కు ఎండ కావాలంటే లోపలి మనుషులూ ఎండలో ఉడకాలి. ఘటాలన్నీ వరసలో ఉంటాయి కాబట్టి ఒక్క కొమ్మ నీడ పడినా దిగుబడి పడిపోతుంది; నీడ పడ్డ ఘటాలను తప్పించి కరెంటును పంపే బైపాస్ డయోడ్లు నష్టాన్ని తగ్గిస్తాయే గాని పూర్తిగా ఆపలేవు. అయినా పైకప్పు ప్యానెల్‌కే నా ఓటు. ఎవరూ గుర్తుపెట్టుకుని తీయనక్కర్లేదు, ఎవరూ ఎత్తుకుపోరు, బండి పార్కింగ్‌లో ఉన్నా ఫ్రిజ్ ఆగదు. అమర్చడంలో మాత్రం తొందరపాటు పనికిరాదు. రేకుకు నేరుగా అతికించే వంగే ప్యానెళ్లు అందంగా ఉంటాయి, కానీ కింద గాలి ఆడదు. ప్యానెల్ వేడి పాతిక డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం దిగుబడి తగ్గుతుంది. అరవై అయిదు డిగ్రీలకు చేరితే పద్నాలుగు శాతం పోయినట్టే. బిగింపు పట్టీల మీద కొంచెం ఎత్తున నిలిపిన గాజు ప్యానెలే మేలు. తీగ దిగే రంధ్రానికి సీలెంట్, బ్యాటరీ దగ్గర ఫ్యూజు చిన్న ఖర్చులే. అక్కడ పిసినారితనం చేస్తే లోపలికి వాన, కాదంటే నిప్పు.

ఇక మూడోది, పర్యావరణం పేరిట గొప్పలు చెప్పుకోవడం. ఇక్కడ విమర్శకులతో పేచీ లేదు. ఒక గ్యాలన్ పెట్రోలులో సుమారు 33.7 యూనిట్ల శక్తి ఉంది. వ్యాన్ ప్యానెళ్లు డిసెంబరు నెల మొత్తం కష్టపడితే అంత. ఈ తేడా కొత్తగా తెలిసిందేమీ కాదు. జనరల్ మోటార్స్‌కు చెందిన విలియం కాబ్ 1955 ఆగస్టులో షికాగోలో చూపించిన తొలి సౌరకారు పన్నెండు సెలీనియం ఘటాలతో నడిచింది. దాని పొడవు పదిహేను అంగుళాలు. బండిని నడపడం పైకప్పు వల్ల అయ్యే పని కాదు.

ఏసీ విషయంలోనూ అంతే. పైకప్పు ఏసీ పన్నెండు వందల వాట్లకు పైగా లాగుతుంది. రెండు గంటలు నడిస్తే వేసవి రోజు సంపాదన అయిపోతుంది. ఇక్కడే ఇంటికి లేని సౌకర్యం ఒకటి వ్యాన్‌కుంది: కాలాన్ని బట్టి చోటు మారడం. డిసెంబరు 21 మధ్యాహ్నం సియాటిల్‌లో సూర్యుడు దిగంతానికి పందొమ్మిది డిగ్రీలే పైకి వస్తాడు. పడుకోబెట్టిన ప్యానెల్ మీద, ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎదురెండలో మూడోవంతే పడుతుంది. క్వార్ట్‌జ్‌సైట్‌లో ముప్పై మూడు డిగ్రీలు, సగానికి పైగా పడుతుంది, హైదరాబాద్‌లోనైతే ముప్పాతిక. సియాటిల్ డాబా ఆ మూడోవంతుతోనే సరిపెట్టుకోవాలి. వ్యాన్‌లో ఉన్నవాళ్లు అక్టోబరులో ఎడారికి దిగుతారు, మే వచ్చేసరికి అరిజోనాలోనే రెండు వేల మీటర్ల ఎత్తునున్న ఫ్లాగ్‌స్టాఫ్ అడవుల వైపు ఎక్కుతారు. అక్కడ ఏసీతో పని లేదు, గాలిబిలంలోని ఫ్యాన్ చాలు.