ఒక్కరు కొనలేని యంత్రం, అందరూ వాడుకునే దారి

కొన్ని ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డ మడమ దగ్గర సూదితో గుచ్చి, ఒకటి రెండు రక్తపు చుక్కలు మందపాటి కాగితం మీద తీసుకుంటారు. ఆ చుక్కల్ని పరీక్షించేది మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం. ఫినైల్‌కీటోన్యూరియా లాంటి పుట్టుకతో వచ్చే లోపాన్ని అది మొదటి రోజుల్లోనే పట్టేస్తుంది. అప్పుడే తెలిస్తే తిండి మార్చి బిడ్డ మెదడును కాపాడుకోవచ్చు. ఆలస్యమైతే జరిగిన నష్టం పూడదు.

ఇది ఎలా పనిచేస్తుంది? తూర్పారపట్టడం చూసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. చేటలోంచి జారవిడిస్తే గింజ దగ్గర పడుతుంది, పొట్టు గాలికి దూరం పోతుంది. ఇక్కడ అణువులకు విద్యుదావేశం ఇచ్చి, గాలి తీసేసిన గదిలో పరుగెత్తిస్తారు. ఒక రకం యంత్రంలో గాలి చేసే పనిని అయస్కాంతం చేస్తుంది. తేలికవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ. ఏది ఎక్కడ పడిందో చూసి బరువు కడతారు. 1913లో జె.జె. థామ్సన్ ఇలాగే నియాన్‌లో 20, 22 బరువులున్న రెండు రకాల పరమాణువుల్ని గుర్తించారు. ప్రోటీన్ల లాంటి పెద్ద అణువుల్ని చెడకుండా తూచే పద్ధతులకు జాన్ ఫెన్, కొయిచి తనాకా 2002లో నోబెల్ అందుకున్నారు. వైద్య పరిశోధనకు ఈ యంత్రం ఇంతగా పనికొస్తోందంటే ఆ పద్ధతుల చలవే.

మరి ప్రతి కాలేజీలో ఎందుకు లేదు? మేలురకం యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుంది. కొన్నాక కూడా పగలూ రాత్రీ తిరిగే పంపులు, ఏసీ గది, శుద్ధమైన గ్యాసు, ఏటా సర్వీసు కాంట్రాక్టు, చెయ్యి తిరిగిన ఆపరేటరు కావాలి. ఒక్క ప్రొఫెసర్ కోసం కొంటే చాలా రోజులు ఊరికే పడుంటుంది. అందుకే పలు విభాగాల వాళ్లు కలిసి దరఖాస్తు పెడతారు. ఎంతమంది వాడతారు, ఎవరు నడుపుతారు, మరమ్మతు ఖర్చు ఎక్కడినుంచి వస్తుంది అన్నది అందులో ముందే చూపించాలి.

మన దేశంలో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ సాయంతో నడిచే 'సైఫ్' కేంద్రాలు మద్రాసు ఐఐటీ, బొంబాయి ఐఐటీ లాంటి చోట్ల ఉన్నాయి. బయటి కాలేజీవాళ్లూ నమూనా పంపి, ఫీజు కట్టి ఫలితం తెచ్చుకోవచ్చు. ఏ పరికరం ఎక్కడుందో వెతుక్కోవడానికి 2020 జనవరిలో బెంగళూరులో ఐ-స్టెమ్ పోర్టల్ మొదలైంది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల్ని సైన్సు డిగ్రీలో చేర్చేముందు అడగండి: పెద్ద పరికరాలు ఎక్కడ వాడిస్తారు? విద్యార్థుల నమూనాలు బయటికి పంపిస్తారా? ఫీజు ఎవరు కడతారు? సొంత యంత్రం లేకున్నా, పంపే అలవాటున్న కాలేజీ మేలు.

పిల్లలూ, ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవానికి కొన్ని సంస్థలు తమ ల్యాబులు బయటివాళ్లకు చూపిస్తాయి. వెళ్తే, మాస్ స్పెక్ట్రోమీటర్ ఉందా అని అడిగి చూసి రండి.