ఇంటర్న్‌షిప్: కాగితమా, పనా?

ఎంబీఏ మొదటి ఏడాది ముగిశాక విద్యార్థులు సాధారణంగా వేసవిలో 6 నుంచి 8 వారాలు ఏదైనా సంస్థలో పనిచేసి, కాలేజీకి నివేదిక ఇవ్వాలి. ఇదే ఇంటర్న్‌షిప్. హైదరాబాదులో అద్దె కట్టుకోలేని మన పిల్లలకు, డబ్బిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకుందామనే శోధన ఎదురవుతుంది. అది అబద్ధం. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే బయటపడుతుంది.

ముందుగా కాలేజీ అనుమతి తీసుకుంటే, పని మన దగ్గరే దొరుకుతుంది. నూలు చీరకు పట్టు అంచు, కొంగు జోడించే గద్వాల నేతన్నకు మిగిలేదెంత? వనపర్తి యార్డులో వేరుశనగ ధర ఎలా నిర్ణయమవుతుంది? నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మామిడి ఎన్ని చేతులు మారుతుంది? ఇవి దగ్గరుండి లెక్కగట్టడమే వ్యాపార విద్య.

సంఘ పెద్దలారా, మీలో వ్యాపారులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. ఈ వేసవిలో ఒక్క విద్యార్థినైనా చేరదీసి పని నేర్పండి. చేసిన పనికే సంతకం పెట్టండి.