మీకు తెలుసా? తీర రక్షక దళం తాబేళ్లకూ కాపలా కాస్తుంది

కె.ఎఫ్. రుస్తంజీ సంఘం సిఫారసుపై 1977 ఫిబ్రవరి 1న తాత్కాలికంగా మొదలైన భారత తీర రక్షక దళం, 1978లో పార్లమెంటు చేసిన చట్టంతో శాశ్వత రూపం పొందింది. నౌకాదళం ప్రధానంగా యుద్ధానికి ఉద్దేశించినది కాగా, రక్షణ శాఖ కిందనే ఉన్న ఈ దళం శాంతికాలంలో సముద్రంపై చట్టాన్ని అమలుచేస్తూ దొంగరవాణాను, విదేశీ పడవల అక్రమ చేపల వేటను అడ్డుకుంటుంది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్ల దూరం దాకా, చేపలు, చమురు వంటి వనరులపై దేశానికి హక్కులుండే ప్రాంతాన్ని ప్రత్యేక ఆర్థిక మండలి అంటారు. దాని కాపలా ఈ దళానిదే.

అయితే మత్స్యకార కుటుంబాలకు ఈ దళం ముందుగా ప్రాణరక్షకురాలు. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడినప్పుడు దీని నౌకలు, విమానాలు వేటకు వెళ్లిన పడవలను ఒడ్డుకు మళ్లిస్తాయి. సముద్రంలో ఆపదలో చిక్కినవారి కోసం 1554 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. చమురు తెట్టును తొలగించడమూ దీని బాధ్యతే: 2020 సెప్టెంబరులో శ్రీలంక తూర్పు తీరాన, దాదాపు 2.7 లక్షల టన్నుల ముడిచమురుతో పారాదీప్‌కు వస్తున్న న్యూ డైమండ్ నౌకలో మంటలు చెలరేగినప్పుడు, వాటిని ఆర్పడంలో ఈ దళం నౌకలు ముఖ్యపాత్ర వహించి ఘోరమైన కాలుష్యాన్ని నివారించాయి.

అంతగా ప్రచారంలో లేని మరో సేవ ఆపరేషన్ ఒలీవియా. ఒడిశా తీరంలో గుడ్లు పెట్టేందుకు లక్షలుగా తరలివచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవులు కావడంతో, ట్రాలర్ వలల్లో చిక్కితే పైకి రాలేక మునిగి చనిపోతాయి. అందుకే ఏటా నవంబరు నుంచి మే వరకు నిషిద్ధ జలాల్లోకి ట్రాలర్లు రాకుండా ఈ దళం గస్తీ తిరుగుతుంది.